ఇంత బెల్లం ఎక్కడి నుంచి వచ్చింది?

మా తాతకి ఒక అనుమానం ఉండేది. మా నాన్నని అడిగాడు, ఊరికి వచ్చిన గ్రామసేవకుణ్ణి అడిగాడు, చివరికి హైస్కూల్లో ఉన్న నన్నూ అడిగాడు.

"ఏటా ఈ చేలోంచి ఇన్ని బళ్ల చెరకు నరికి పట్టుకుపోతన్నాం గదా. మా అయ్య కాలం నుంచీ పోతానే ఉంది. మరి చేను పల్లం అయిపోవాలి గదా? గట్టు ఎక్కడుందో అక్కడే ఉంది. మట్టి ఎంతుందో అంతే ఉంది. మరి ఇంత బెల్లం ఎక్కణ్ణుంచి వస్తందిరా?"

గ్రామసేవకుడు "ఎరువు వేస్తున్నారుగా" అనేసి సైకిలెక్కాడు. తాత ఒప్పుకోలేదు. వేసేది కొన్ని బళ్ల పెంట, రెండు మూడు బస్తాల యూరియా. నరికేది ఎకరానికి ముప్పై టన్నులు. ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది?

మాది అనకాపల్లి పక్కన, శారదా నది నీళ్లు పారే ఊరు. ఇప్పుడు అనకాపల్లే జిల్లా అయింది గానీ నేను చెప్పేది అది విశాఖపట్నం జిల్లాలో ఉన్న రోజుల మాట. 1970ల చివర, 80ల మొదట్లో. అప్పట్లో ఎవరింటి అరుగు మీద కూర్చున్నా చెరకు మాటే. మొక్కతోట ఎంత, కార్శి (నరికిన మోళ్ల నుంచి మళ్లీ వచ్చే తోట) ఎంత, ఎర్రకుళ్లు తెగులు ఎవరి చేలో తగిలింది, మార్కెట్లో బెల్లం దిమ్మ ఏ రేటు పలికింది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి ఒకటి. చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచీ అక్కడే ఉంది. అంత చెరకు మధ్య పెరిగాం కాబట్టి మాకు దాని మీద గౌరవం ఏమీ ఉండేది కాదు. బడికి పోతూ పోతూ ఎవరి చేలోనో ఒక గడ విరిచి నమిలేసి పిప్పి రోడ్డంతా ఉమ్ముకుంటూ పోయేవాళ్లం.

నాకు ఊహ తెలిసేసరికి ఎడ్ల గానుగలు దాదాపు పోయాయి. ఆయిలింజన్లు వచ్చేశాయి. సంక్రాంతి ముందు మొదలైతే కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర వచ్చేదాకా ఊళ్లో ఏదో ఒక మూల ఇంజను చప్పుడు ఆగేది కాదు. తెల్లవారుజామున మూడింటికే గానుగ వేసేవారు. మంచులో దుప్పటి కప్పుకుని పొయ్యి దగ్గరికి పోవడం మా పిల్లలకి పెద్ద పండగ. చలి కాచుకోవడం ఒక కారణం. పెనం గోకగా వచ్చే పాకం ముద్ద రెండో కారణం, నిజానికి అదే మొదటిది.

వంటగాడంటే మా దగ్గర పెద్ద హోదా. పెనంలో రసం కాగుతుంటే సున్నం నీళ్లు ఎంత పోయాలో, నలగ్గొట్టిన బెండకాడల జిగురు ఎప్పుడు కలపాలో, పైకి తేలిన మడ్డి ఎప్పుడు తీసెయ్యాలో అన్నీ ఆయనే చెప్పాలి. పొంగు మీదికొస్తే నాలుగు చుక్కల ఆముదం చిలకరించేవాడు. అంత పెద్ద పొంగూ చప్పున కూర్చునేది. పాకం వచ్చిందో లేదో చూడ్డానికి చల్లటి నీళ్లలో చుక్క వేసి వేళ్ల మధ్య ఉండ చేసేవాడు. ఆ ఘడియలో పాకం 118 డిగ్రీల దగ్గర ఉంటుందని తర్వాతెప్పుడో చదివాను. ఆయన జన్మలో థర్మామీటర్ ముట్టుకోలేదు.

అమ్మకానికి పోయే బెల్లం తెల్లగా ఉండాలని కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలిపేవారు. మా తాత ఇంటికి ఉంచుకునే దిమ్మల్లో మాత్రం వెయ్యనిచ్చేవాడు కాదు. అవి నల్లగా, కాస్త జిడ్డుగా ఉండేవి. ఇప్పుడు సిటీలో ఆర్గానిక్ అని పేరు పెట్టి రెట్టింపు ధరకి అమ్ముతున్నది ఆ నల్ల బెల్లాన్నే.

నాకు బాగా గుర్తున్నది పెనం కాదు, పొయ్యి. గానుగలోంచి ఒక పక్క రసం, ఇంకో పక్క పిప్పి. రసం పెనంలోకి, పిప్పి ఎండలోకి. ఎండాక అదే పిప్పి పొయ్యిలోకి. చెరకు రసాన్ని చెరకు పిప్పే వండుతుంది. పొయ్యి సరిగ్గా కట్టుకుంటే బయటి నుంచి కట్టెపుల్ల కొనక్కర్లేదు. ఒక మనిషి రోజంతా గోతిలో కూర్చుని పిప్పి ఎగదోస్తూనే ఉండేవాడు. బండెడు పిప్పి తగలబడ్డాక మిగిలేది తట్టెడు బూడిద. ఆ బూడిదని తాత పారెయ్యనిచ్చేవాడు కాదు. పట్టుకెళ్లి చేలో చల్లించేవాడు. ఎందుకని అడిగితే "అది చేనుదిరా" అనేవాడు, అంతే.

ఇంటర్ చదివేటప్పుడు మా కెమిస్ట్రీ మాస్టారు ఒకరోజు బీకరులో గుప్పెడు పంచదార పోసి, దాని మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోశారు. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత పసుపు, గోధుమ రంగు, నలుపు. ఉన్నట్టుండి బీకరులోంచి నల్లటి స్తంభం ఒకటి బుసబుసమంటూ ఆవిరి కక్కుతూ పైకి లేచింది. క్లాసంతా వెనక్కి జరిగింది. నాకు మాత్రం ఆ వాసన బాగా తెలిసిన వాసన. వంటగాడు కునికిపాట్లు పడి పాకం అడుగంటినప్పుడు వచ్చేది సరిగ్గా అదే.

మాస్టారు బోర్డు మీద రాశారు. పంచదార అణువులో పన్నెండు కార్బన్లు, ఇరవై రెండు హైడ్రోజన్లు, పదకొండు ఆక్సిజన్లు. హైడ్రోజన్, ఆక్సిజన్ నీళ్లలో ఉన్న పాళ్లలోనే ఉన్నాయి. ఆమ్లానికి నీళ్ల దాహం ఎక్కువ, ఆ పాళ్లను నీళ్లుగా లాగేసుకుంది. మిగిలింది బొగ్గు. పంచదార బరువులో కార్బన్ నూటికి 42 పాళ్లు. "మీరు పొద్దున కాఫీలో కలుపుకున్నది దీన్నే" అన్నారు నల్ల స్తంభాన్ని చూపిస్తూ. ఆ కార్బన్ అంతా మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచే తీసుకుంటుందని కూడా చెప్పారు. పరీక్షకి అందరం రాసే వాక్యమే అది. ఆ రోజు మాత్రం నాకు మా తాత గుర్తొచ్చాడు.

ఇంటికెళ్లి చెప్పాను. తాత నవ్వాడు. "గాలేటి, బరువుండడమేటి?"

అప్పుడు లెక్క కట్టాం, నేనూ మాస్టారూ కలిసి, ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో. పది కిలోల దిమ్మలో కార్బన్ ఇంచుమించు నాలుగు కిలోలు. ఆ రోజుల్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్లకి మూడున్నర కూడా నిండా లేదు (ఇప్పుడు నాలుగు దాటిపోయింది). ఒక ఘనపు మీటరు గాలిలోంచి మొత్తం పిండుకున్నా వచ్చే కార్బన్ గ్రాములో ఆరో వంతు. అంటే ఒక్క దిమ్మకి 24 వేల ఘనపు మీటర్ల గాలి కావాలి. మా క్లాసురూము లాంటి గదులైతే నూట ఇరవై గదుల గాలి. చెరకు ఆకు అంత గాలిని తడిమి, అందులో ఉన్న ఆ పిసరంత సరుకుని ఏరుకుని, సూర్యుడి వెలుతురుతో నీళ్లలోని హైడ్రోజన్ని దానికి తగిలించి, గడలో దాచుకుంటుంది. ఎండ లేకపోతే ఈ పని జరగదు. కాబట్టి గడలో దాగేది కార్బన్ ఒక్కటే కాదు, ఎండ కూడా.

మా తాత అడిగిన ప్రశ్నే మూడొందల ఏళ్ల ముందు బెల్జియంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన అడిగాడని డిగ్రీలో తెలిసింది. ఆయన ఎండబెట్టిన మట్టిని సుమారు 90 కిలోలు తూచి కుండీలో పోసి, అందులో రెండు కిలోల పైచిలుకు విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 77 కిలోలు అయింది. మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. అయితే చెట్టంతా నీళ్ల నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. ఆయన పోయాక 1648లో ఆ సంగతి అచ్చయింది. గాలిలో రకరకాల వాయువులున్నాయని గుర్తించిన తొలితరం మనిషే, కొయ్య కాలితే వచ్చే వాయువుని పరీక్షించినవాడే, తన చెట్టు దగ్గరికొచ్చేసరికి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నూట ఇరవై గదుల లెక్క చెప్పాక తాత కొంచెంసేపు చుట్ట నమిలాడు. తర్వాత అన్నాడు, "అయితే పొయ్యిలో పెట్టినప్పుడు మళ్లీ గాల్లోకే పోతందన్నమాట. బూడిదొక్కటే మట్టిది." ఆ ముక్క నేను చెప్పలేదు. నాకు అప్పటికి తట్టలేదు కూడా. పొటాష్, సున్నం, సిలికా లాంటివి మట్టి ఇచ్చినవి, అవి కాలవు, బూడిదగా దిగుతాయి. కాలి పోయేదంతా దాదాపు గాలి నుంచీ నీళ్ల నుంచీ వచ్చిందే. తట్టెడు బూడిదని "చేనుది" అని ఆయన ముందే ఎలా అన్నాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

యూరియా సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. యూరియాలోనూ కార్బన్ ఉంది, బరువులో ఐదో వంతు. 1828లో జర్మనీలో వోలర్ అనే ఆయన ప్రాణి శరీరం అక్కర్లేకుండా యూరియాని ప్రయోగశాలలో తయారుచేసేదాకా, ఇలాంటి పదార్థాలు ప్రాణుల్లో మాత్రమే పుడతాయని చాలామంది నమ్మేవారు. కానీ మనం బస్తాలు మోసేది ఆ కార్బన్ కోసం కాదు, 46 శాతం నైట్రోజన్ కోసం. ఆకులో పని చేసే ఎంజైములు ప్రొటీన్లు, ప్రొటీన్లకి నైట్రోజన్ కావాలి. గడకి బరువు మాత్రం అక్కణ్ణుంచి రాదు.

ఇంతవరకూ "ఎక్కడి నుంచి" అన్నది. "ఎందుకు కార్బనే" అన్న ప్రశ్న నాకు చెరకు ఆకు వేసింది.

చెరకు పడిపోకుండా ఆకులతో జడచుట్లు కట్టే రోజుల్లో తోట లోపలికి దూరినవాళ్లకి తెలుస్తుంది. చెరకు ఆకు అంచు రంపమే. చేతులు, మెడ, చెవుల అంచులు సన్నగా కోసుకుపోయి, చెమట తగిలితే భగభగ మంట. కూలీలు మోచేతుల దాకా పాత గుడ్డలు చుట్టుకునేవారు. నానమ్మ కొబ్బరినూనె రాసేది, అది ఇంకా మండేది. ఆ అంచుకి అంత పదును ఇచ్చేది సిలికా, అంటే ఇసకలో, గాజులో ఉన్న పదార్థమే. చెరకు మట్టిలోంచి సిలికాన్ని బాగా లాగేసుకుని ఆకుల్లో పేర్చుకుంటుంది.

సిలికాన్ కూడా కార్బన్ లాగే నాలుగు బంధాలు కట్టగలదు. మూలకాల పట్టికలో కార్బన్ కిందే కూర్చుంటుంది. పైగా భూమి పైపొరలో బరువు ప్రకారం నూటికి 28 పాళ్లు అదే, కార్బన్ చాలా కొద్ది. కాళ్ల కింద అంత సరుకు పెట్టుకుని, చెరకు దాన్ని అంచుకి పదును పెట్టుకోవడానికీ పురుగు కొరక్కుండా చూసుకోవడానికీ వాడుకుంటుంది. తినడానికీ పెరగడానికీ మాత్రం గాలిలో పదివేలకి మూడున్నర పాళ్లున్న కార్బన్ వెంట పడుతుంది.

దీనికి కారణాలు చదివేకొద్దీ ఒకటొకటి తెలిశాయి. కార్బన్ కార్బన్‌తో కట్టే బంధం గట్టిది, తెంచాలంటే మోలుకి ఇంచుమించు 350 కిలోజౌళ్లు కావాలి. సిలికాన్ సిలికాన్ బంధం 220 చిల్లర. అందుకే కార్బన్ ఎంత పొడవు గొలుసైనా కట్టుకుంటూ పోతుంది, కొమ్మలేస్తుంది, వలయాలు చుట్టుకుంటుంది. ఆ గొలుసులు నీళ్లలో ఉన్నా చెదరవు. సిలికాన్‌కి ఆక్సిజన్ మీద ఎంత ఆశంటే, ఒకసారి దాన్ని పట్టుకుందా ఇంక రాయే.

నన్ను మరీ ఆకట్టుకున్నది ఇంకో సంగతి. ఇద్దరూ ఆక్సిజన్‌తో పూర్తిగా కలిశాక ఏమవుతారన్నది. కార్బన్ వాయువవుతుంది. నీళ్లలో కరుగుతుంది, ఊపిరితో బయటికి పోతుంది, ఇంకో మొక్క ఆకులోకి దూరుతుంది. సిలికాన్ అయితే ఇసకవుతుంది. తిన్న ప్రతి ముద్దకీ ఇసక బయటికి పంపాల్సిన ప్రాణి ఎలా బతుకుతుందో ఊహించుకోండి.

మా ఇంటి అటక మీద బెల్లం దిమ్మలు గోనెసంచుల్లో ఏడాది పొడుగునా ఉండేవి. చుట్టూ గాలి ఉంది, గాలిలో ఐదో వంతు ఆక్సిజన్. బెల్లం గ్రాముకి నాలుగు కేలరీల శక్తి దాచుకుని కూర్చుంది. అయినా దానంతట అది అంటుకోదు. చీమలు పట్టకుండా చూసుకుంటే చాలు. కార్బన్ పదార్థాలకి ఉన్న ఈ ఓపికే ప్రాణులకి కలిసొచ్చింది. ఊళ్లో గోబర్ గ్యాస్ పెట్టించుకున్నవాళ్ల స్టవ్వులో మీథేన్ అగ్గిపుల్ల గీసేదాకా ఆగేది. మీథేన్‌లో కార్బన్ తీసి సిలికాన్ పెడితే వచ్చేది సిలేన్. గాలి తగిలితే చాలు, అది భగ్గుమంటుంది. అలాంటిదాన్ని ఒంట్లో దాచుకోగలమా?

బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ఒంట్లో జరిగేదీ పొయ్యిలో పిప్పికి జరిగేదీ చివరికి ఒకటే. కార్బన్ మీద, హైడ్రోజన్ మీద ఉన్న ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ దగ్గరికి చేరతాయి, కార్బన్ డయాక్సైడ్, నీళ్లు మిగులుతాయి, శక్తి బయటపడుతుంది. పొయ్యిలో అది మేడ మీంచి దూకినట్టు ఒక్కసారిగా అయిపోతుంది, శక్తంతా వేడే. కణంలో ఎంజైములు దాన్ని మెట్టు మెట్టుగా దింపుతాయి, దారిలో కొంచెం కొంచెం శక్తిని ఏటీపీ అనే, కణం వాడుకోగల పదార్థంగా పట్టుకుంటాయి. నూనెల్లో కార్బన్‌కి ముందే అంటుకున్న ఆక్సిజన్ చాలా తక్కువ, హైడ్రోజన్ ఎక్కువ. అందుకే వంటగాడు చిలకరించిన ఆముదమైనా, మా అమ్మ పోపులో వేసే నువ్వుల నూనైనా గ్రాముకి తొమ్మిది కేలరీలు.

రసం, పిప్పి సంగతికొస్తే ఇంకో తమాషా. పంచదార అంటే గ్లూకోజు, ఫ్రక్టోజు జంట. పిప్పిలోని సెల్యులోజు అంటే వేల గ్లూకోజులు వరసగా కట్టుకున్న గొలుసు. బియ్యంలోని పిండి పదార్థం కూడా గ్లూకోజుల గొలుసే. రెంటికీ తేడా ఒక గ్లూకోజు ఇంకోదాన్ని పట్టుకున్న తీరులోనే. ఆ ఒక్క మెలికతో ఒకటి అన్నమైంది, రెండోది కర్ర. ఒకే సరుకుతో మొక్క అటు తిండీ దాచుకుంది, ఇటు ఒళ్లూ కట్టుకుంది. సెల్యులోజు మెలిక విప్పే ఎంజైము మనకి లేదు. నిజానికి ఎద్దుకీ లేదు. దాని కడుపులో ఉన్న సూక్ష్మజీవులకి ఉంది. మేం ఉమ్మేసిన పిప్పిని మా ఎర్ర ఎద్దు రోడ్డు మీద ఏరుకు తినేది, దాన్ని చూసి నవ్వేవాళ్లం. మేం సగమే తిని పారేస్తున్నాం, అది మొత్తం తింటోంది.

చెరకుకి సైన్సు చరిత్రలో కూడా ఒక కుర్చీ ఉందని ఎమ్మెస్సీలో తెలిసినప్పుడు చాలా గర్వమనిపించింది, మా ఊరి కుర్రాడు పేపర్లో పడ్డట్టు. అమెరికాలో కాల్విన్, ఆయన తోటివాళ్లు రేడియోధార్మిక కార్బన్ 14తో ఆకుపచ్చ నాచుని పరీక్షించి, గాలిలోని కార్బన్ మొదట మూడు కార్బన్ల పదార్థంలోకి వెళ్తుందని తేల్చారు. 1961లో కాల్విన్‌కి నోబెల్ వచ్చింది. హవాయిలో చెరకు మీద పనిచేసేవాళ్లకి మాత్రం ఆ మూడు కార్బన్ల ఫలితం రాలేదు. వాళ్ల చెరకులో మొదట కనిపించేది నాలుగు కార్బన్ల ఆమ్లం. 1965లో వాళ్లు ఆ సంగతి అచ్చువేశారు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో, ఒక పంచదార కంపెనీ ల్యాబులో హ్యాచ్, స్లాక్ అనే ఇద్దరు 1966 నుంచి ఆ దారి ఎలా నడుస్తుందో వివరిస్తూ వచ్చారు.

మామూలు మొక్కల్లో కార్బన్ పట్టే ఎంజైము వేడెక్కినప్పుడు పొరబడి కార్బన్ డయాక్సైడ్ బదులు ఆక్సిజన్ని పట్టేస్తుంటుంది. చెరకు తన ఆకులో ముందు గదిలో, అంటే బయటి వైపు కణాల్లో, ఇంకో ఎంజైముని పెట్టింది. దానికి ఆ పొరపాటు రాదు. అది పట్టిన కార్బన్ని లోపలి గదిలోకి తోసి, అక్కడ దట్టంగా పోగేసి, అప్పుడు మామూలు ఎంజైముకి అప్పజెపుతుంది. మొక్కజొన్న, జొన్న, మా వైపు అంబలి కాచే చోళ్లు కూడా ఇదే పద్ధతి. వరి కాదు. మే నెల ఎండలో వరి నారు మొహం వేలాడేసినా చెరకు కళకళలాడేది ఎందుకో, చోళ్లు మెట్టలో ఎలా నెట్టుకొస్తాయో నాకు అప్పుడు అర్థమైంది. అప్పటికి తాత లేడు. ఉంటే హవాయి ఎక్కడ, అక్కడ ఎకరానికి ఎంత దిగుబడి అని ముందు అడిగేవాడు.

ఇప్పుడు మా ఊళ్లో గానుగలు తగ్గిపోయాయి. నరికే మనుషులు దొరకరు, దొరికినా ఇచ్చే కూలికీ బెల్లం రేటుకీ పొసగదు. మా తాత చేను ఇప్పుడు బావ చేస్తున్నాడు. చెరకు మానేసి సరుగుడు వేశాడు. మూడు నాలుగేళ్లు దాని జోలికి పోనక్కర్లేదు, పెరిగాక నరికి పేపరు మిల్లుకి తోలెయ్యడమే. దాని వేళ్లలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోంచి నైట్రోజన్ కూడా పట్టిపెడతాయి కాబట్టి యూరియా ఖర్చూ తక్కువే.

పోయిన సంక్రాంతికి వెళ్తే బావ పట్టుకున్నాడు. "గాల్లో కార్బన్ పట్టుకుంటే డబ్బులిస్తారంట కదా. కార్బన్ క్రెడిట్టో ఏదో. తాత కాలం నుంచి మనం ఎన్ని బళ్ల బెల్లం పంపించామో నీకు లెక్కలొచ్చు కదా, బకాయి ఎంతవుద్దో కట్టు."

"బకాయేమీ లేదు బావా. ఆ బెల్లం తిన్నోళ్లు ఎప్పుడో మళ్లీ గాల్లోకి ఊదేశారు" అన్నాను.

"మరి సరుగుడో?"

"పేపరు చిరిగి తగలబడకుండా ఎన్నాళ్లుంటే అన్నాళ్లు."

"ఈ లెక్క నాకొద్దులే" అని మోటారు వెయ్యడానికి లేచాడు.